కెమెరా వెయ్యని డాక్టరూ ఓ డాక్టరేనా?

విశాఖపట్నంలో ఘోరం జరిగిపోతోంది, ఎవరూ నోరెత్తట్లేదు కాబట్టి ఇక నేనే రాస్తున్నా.

మా బావకి 38 ఏళ్లు, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. రెండేళ్లుగా కడుపులో మెలిపెట్టడం, బాత్రూమ్‌కెళ్లొస్తే కాస్త నెమ్మదించడం, ఓ వారం విరేచనాలు, ఓ వారం అసలు కదలికే లేకపోవడం. గాజువాక నుంచి జగదాంబ దాకా ఎక్కడెక్కడ బాత్రూమ్‌లున్నాయో కళ్లు మూసుకుని చెప్తాడు. అలాంటి మనిషిని మహారాణిపేటలో ఓ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అరగంట కూర్చోబెట్టి ప్రశ్నలు! రక్తం పడుతోందా, బరువు తగ్గావా, రక్తం తక్కువని ఎవరైనా చెప్పారా, నొప్పి నిద్రలోంచి లేపేస్తోందా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సరుందా. అన్నిటికీ లేదు లేదన్నాడు మావాడు, హోంవర్క్ చెయ్యని పిల్లాడిలా తలొంచుకుని. "ఐతే ఐబీఎస్, అంటే పేగుకి పుండూ వాపూ లేకుండానే దాని పనితీరు గాడి తప్పడం. కొలనోస్కోపీ, అదే పేగులోకి కెమెరా, అక్కర్లేదు" అన్నాడాయన.

అక్కర్లేదా!

ఐబీఎస్‌ని గుర్తుపట్టడానికి రోమ్ 4 అని 2016లో వచ్చిన లెక్కొకటుందట. మూడు నెలలుగా వారానికి కనీసం ఒక రోజైనా నొప్పి, ఆ నొప్పికి మోషన్‌తో లింకు, మోషన్ తీరులో మార్పు, మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి, వింటే చాలు తేలిపోద్దట. వినడానికి ఫీజా? పైగా అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2021లో 45 ఏళ్ల లోపు వాళ్లకి, ఆ ప్రమాద సూచనలేవీ లేకపోతే, ఊరికే కెమెరా వెయ్యొద్దని రాసిపారేసింది. అక్కడే 2010లో మలబద్ధకం రకం కాని ఐబీఎస్ పేషెంట్లు 466 మందికి వేసి చూశారు, క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బులు వందకి ఒక్కరికి కూడా తేలలేదు.

"ఆ ఒక్కడూ మావోడు కాడని గ్యారంటీ ఏటి?" అంది మా అత్త. దీనికి అమెరికా దగ్గర జవాబుందా?

పోనీ మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అని ఓ టెస్టుంది, వాపుంటే పట్టేస్తుంది, అది చేయించండి అన్నాడాయన. మా అక్క వెంటనే "ఆ డబ్బా నా స్కూటీలో పెట్టడానికి వీల్లేదు" అనేసింది. డబ్బా మోస్తే పరువు పోద్ది, అదే వెనకనుంచి కెమెరా దూర్చుకుంటే స్టేటస్.

(ఒక మాట. నిజంగా రక్తం పడేవాళ్లు మాత్రం "పైల్సేలే" అనుకుని బస్టాప్ గోడ మీద మొలల పోస్టర్లో నంబరుకి ఫోన్ చేస్తుంటారు. కెమెరా కావాల్సింది వాళ్లకి. వాళ్లెవరూ అడగరు.)

చివరికి వేరే చోట వేయించాం. ముందురోజు పొడి కలిపిన నీళ్లు రెండు లీటర్లు, దాన్ని పెగ్ అంటారు, జీవితంలో మందు ముట్టని మా బావ రాత్రంతా పెగ్గు మీద పెగ్గు కొట్టి బాత్రూమ్‌లోనే కాపరం పెట్టాడు. రిపోర్టులో నార్మల్. ఇంట్లో ఎవరికీ ఆనందం లేదు, ఇంత ఖర్చు పెడితే ఏమీ లేదంటాడేటి అని.

ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, కారం ఎక్కువ వేయించుకుని మరీ, ఫోన్‌లో తన పేగు ఫొటోలు తోడల్లుడికి చూపిస్తున్నాడు. "చూడు ఎంత నీట్‌గా ఉందో." సోమవారం పొద్దున్న మళ్లీ మెలిపెట్టింది.

"కిందనుంచే కదా చూశారు," అంది అత్త, "పైనుంచి చూళ్లేదు కదా."