సిస్టమ్ ఆపితే మొహం మాడ్చుకునేవాళ్లకి

నిన్న ఖాళీ కంప్యూటర్‌ని శాస్త్రవేత్తల లెక్కలకి అప్పిచ్చే వలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన తీర్పు ఇచ్చేశారు: "రోజుకి నాలుగుసార్లు పాజ్ నొక్కేవాడు వలంటీరే కాదు" అని. ఆ నాలుగుసార్లు నొక్కేది నేనే. పొద్దున్నుంచీ మింగుడు పడట్లేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నాను.

తెలియనివాళ్లకి ఒక్క ముక్క. బోయింక్ అని బర్కిలీ యూనివర్సిటీలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు శాస్త్రవేత్తల లెక్కల్లో ఒక ముక్క తెచ్చుకుని, పూర్తి చేసి, తిరిగి పంపిస్తుంది. నేను చేసేది ఐన్‌స్టీన్ ఎట్ హోమ్, అంటే పల్సార్ల వేట (గిర్రున తిరుగుతూ సంకేతాలు పంపే చచ్చిన నక్షత్రాలు).

మేం ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో, పై అంతస్తు, నెత్తిమీద డాబా. మే నెల మధ్యాహ్నం కిటికీ తీస్తే గాలి రాదు, ఉప్పు వస్తుంది. కంప్యూటర్ క్యాబినెట్ వెనక స్క్రూలు ఎప్పుడో తుప్పు పట్టాయి. ఆ ఉక్కలో ప్రాసెసర్‌లోని అన్ని కోర్లూ నూరు శాతం మీద పరిగెడితే ఫ్యాన్ ఈలేస్తుంది. అమ్మ గుమ్మంలో నిలబడి "ఏట్రా ఇది, గదిలో కుంపటెట్టావా?" అంటుంది. పల్సార్ ఎక్కడికీ పోదు. పాజ్ నొక్కుతాను.

కరెంటు సంగతీ చెప్పాలి. లోడ్ మీద నా సిస్టమ్ 140 వాట్లు లాగుతోంది, ప్లగ్ మీటరు పెట్టి చూశాను. రోజంతా నడిస్తే మూడు యూనిట్ల పైమాట, నెలకి సుమారు నూరు. స్లాబు దాటిందంటే ఆ బిల్లు ముందు చూసేది మా ఆవిడే.

అసలు 1999 మేలో గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటి ఎట్ హోమ్ జనాల్లోకి వచ్చిందే స్క్రీన్‌సేవర్‌గా. మనిషి కుర్చీలోంచి లేస్తే లెక్క మొదలు, మౌస్ కదిపితే ఆగిపోవడం. ఆగడం దాని పుట్టుకలోనే ఉంది మహాప్రభో! చివరికి వాళ్లే ఉన్న డేటా చాలని 2020 మార్చి 31తో కొత్త పని పంపడం మానేశారు. వాళ్లని తప్పుపట్టామా?

అయితే పాజ్ అంటే గోడ మీద స్విచ్ పీకేయడం కాదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కంప్యూటర్ వాడుతుంటే ఆగిపోయేలా పెట్టుకున్నాను, బాగానే ఉంది. కానీ ఆగినప్పుడు పనిని మెమరీలోనే ఉంచమనే టిక్కు పెట్టలేదు. మావాడు హోంవర్క్‌కి మౌస్ కదుపుతాడు, లెక్క మెమరీలోంచి పోతుంది. వాడు మంచినీళ్లకి లేస్తే మూడు నిమిషాలకి మళ్లీ మొదలవుతుంది, కానీ ఆగిన చోటినుంచి కాదు, చివరి చెక్‌పాయింట్ నుంచి, అంటే చివరిసారి డిస్కులో దాచుకున్న చోటినుంచి. ఒక సాయంత్రమంతా 41 శాతం దగ్గర గానుగెద్దులా తిరిగింది. నేనేమో ప్రాజెక్టు వాళ్లని తిట్టుకుంటూ కూర్చున్నాను. తప్పు నా టిక్కుది.

ఇప్పుడు ఆ టిక్కు ఉంది. కాసేపటికైతే గడియారం పక్కన ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి స్నూజ్ అంటాను, గంటకి దానంతటదే లేస్తుంది. సిస్టమ్ కట్టేస్తే మాత్రం మెమరీ టిక్కు పనికిరాదు, చెక్‌పాయింటే దిక్కు. ఊరెళ్లేముందు కొత్త పనులు తేవద్దని చెప్పి, ఉన్నవి అవగొడతాను. ప్రోటీన్ల మడతలు లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో దీనికి ఫినిష్ అని బటనే ఉంది, చేతిలోది ముగించి ఆగుతుంది. పని తిరిగి పంపాల్సిన గడువులోగా అవ్వదని తెలిస్తే అబార్ట్ కొట్టేయండి, ఇంకొకరికి వెళ్తుంది. పని పట్టుకుని పాజ్‌లో పడుకోబెట్టి ఊరెళ్లిపోయేవాళ్లుంటారు చూశారా, ఆ వాట్సాప్ ఆయన కోపం వాళ్లమీద చూపిస్తే నేనూ లైకు కొడతాను.

ఊళ్లో ఎక్కడ చూసినా గూగుల్ డేటా సెంటర్ కబుర్లే, గిగావాట్లలో మాట్లాడుతున్నారు. నా 140 వాట్లు దాని ముందు ఏపాటి? ఆ ఏపాటి కరెంటూ మా ఇంటిది. ఎప్పుడు ఆపాలో చెప్పేది మా ఇంట్లోవాళ్లు. అన్నట్టు ఆ తీర్పరిగారి సిస్టమ్ రాత్రింబవళ్లు నడిచేది ఆయన ఆఫీసులో, ఆఫీసు ఏసీ కింద.

రాత్రి పదకొండయింది, గది కాస్త చల్లబడింది. ఇందాకే రెజ్యూమ్ నొక్కాను, 63 శాతం నుంచి ఎత్తుకుంది. రేపు ఏడున్నరకి మావాడి ఆన్‌లైన్ ట్యూషన్, మళ్లీ పాజ్.