కెరాత్సీనీ గొంతు

2020 అక్టోబరు 7. ఏథెన్స్ కోర్టు భవనం నుంచి బయటికి వస్తూనే మాగ్దా ఫీసా రెండు చేతులూ పైకెత్తి, తన కొడుకు గెలిచాడంటూ కేక పెట్టారు. ఎదురుగా వీధుల నిండా వేలాది జనం. ఆ కొడుకు చనిపోయి అప్పటికే ఏడేళ్లు దాటింది.

అతని పేరు పావ్లోస్ ఫీసాస్. 34 ఏళ్ల ర్యాప్ గాయకుడు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు చుట్టుపక్కల కార్మికవాడల బిడ్డ. పెరామా ఓడల యార్డుల్లో తండ్రిలాగే లోహపు పని చేశాడు, 'కిల్లా పి' పేరుతో పాడాడు. గ్రీసు అప్పుల్లో మునిగి జీతాలకూ పింఛన్లకూ కోత పడిన కాలమది. యార్డుల్లో పనుల్లేక కుర్రాళ్లు వీధిన పడ్డారు. మీ కూడు లాక్కుంటున్నది వలసొచ్చినవాడేనని నూరిపోస్తూ గోల్డెన్ డాన్ అనే నయా నాజీ పార్టీ ఆ వాడల్లోకి చొరబడింది. 2012లో 18 సీట్లతో పార్లమెంటులో కూర్చుంది. ఆ విషం ఏ కుర్రాళ్ల చెవుల్లో పోశారో, ఆ కుర్రాళ్ల యాసలోనే పావ్లోస్ ఎదురు పాట కట్టాడు. మేం అతనికి చేతులు జోడించేది ముందుగా ఇందుకే. తన పాటంటే పళ్లు నూరేవాళ్లు పక్క వీధిలోనే ఉన్నారని తెలిసీ అతను ఊరు వదల్లేదు, గొంతు తగ్గించలేదు.

2013 సెప్టెంబరు 17 రాత్రి పిరేయస్ పక్కనే ఉన్న కెరాత్సీనీలోని ఒక కెఫేలో మిత్రులతో కలిసి ఒలింపియాకోస్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాడు. అతనక్కడున్నాడని కబురు వెళ్లింది. గుంపు దిగింది. అర్ధరాత్రి దాటాక గోల్డెన్ డాన్‌కు చెందిన యోర్గోస్ రుపాకియాస్ కత్తితో పొడిచాడు. ప్రాణం పోయేలోగా పావ్లోస్ హంతకుణ్ని పోలీసులకు చూపించాడు. ఫుట్‌బాల్ గొడవ అంటూ మొదట్లో బయలుదేరిన కథ దాంతో నిలవలేదు. పది రోజులకే పార్టీ అధినేత మిహాలోలియాకోస్ అరెస్టయ్యాడు.

ఇక్కడొక చేదు నిజం చెప్పాలి. అదే ఏడాది జనవరిలో షెహజాద్ లుక్మాన్ అనే పాకిస్తానీ యువకుడు సైకిల్ మీద పనికి పోతుంటే ఏథెన్స్ వీధిలో పొడిచి చంపారు. అంతకుముందు ఏడాది పెరామాలో గోల్డెన్ డాన్ వాళ్లు ఈజిప్టు జాలర్ల ఇంటి మీద పడి కొట్టారు. అప్పుడు ప్రభుత్వం ఇలా కదల్లేదు. చచ్చింది గ్రీకు బిడ్డ అయ్యాకే కదిలింది. పావ్లోస్‌ను తలచుకునే ప్రతి చోటా లుక్మాన్ పేరు కూడా పలకాలని మేం గట్టిగా కోరుతున్నాం. వలసవాళ్ల మీద పగబట్టిన ఆ మూకకే కదా పావ్లోస్ ఎదురు నిలిచింది!

విచారణ అయిదేళ్లకు పైగా నడిచింది. ఆ తల్లి వాయిదా వాయిదాకూ వచ్చి, కొడుకును చంపినవాళ్లున్న గదిలోనే కూర్చున్నారు. చివరికి కోర్టు గోల్డెన్ డాన్‌ను నేరముఠాగా తేల్చింది. రుపాకియాస్‌కు యావజ్జీవం, మిహాలోలియాకోస్‌కు 13 ఏళ్ల జైలు. పార్లమెంటులో సీట్లయితే అంతకు ముందటేడే పోయాయి, 2019లో జనం ఒక్కటీ ఇవ్వలేదు.

పావ్లోస్ నేలకొరిగిన వీధికి ఇప్పుడు అతని పేరే పెట్టారు. ఏటా సెప్టెంబరు 18న కెరాత్సీనీ జనం ఆ దారినే నడుస్తారు.