పన్నెండుమందిలో మనిషెవరు?

అంటార్కిటికా మంచులో ఓ కుక్క పరిగెడుతోంది. పైన హెలికాప్టర్‌లోంచి ఒకడు దాన్ని గురిపెట్టి కాలుస్తున్నాడు. చూస్తున్న మనకు ఠక్కున కుక్క మీద జాలి పుడుతుంది. అక్కడి అమెరికన్ శిబిరంలోని పన్నెండుమందికీ అంతే. నార్వే భాషలో ఏదో అరుస్తూ కాలుస్తున్న ఆ మనిషిని చంపేసి, కుక్కను లోపలికి రానిస్తారు. ఆ అరుపులు హెచ్చరికలని నార్వే భాష తెలిసిన ప్రేక్షకుడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ది థింగ్' ఇలా మొదలవుతుంది.

ఈ సినిమా పేరెత్తితే అందరూ రాబ్ బొటీన్ సృష్టించిన వికృతాకారాల గురించే చెబుతారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఊసు లేకుండా, రబ్బరుతోనూ జిగురుతోనూ ఆయన చేసింది గొప్ప పనే. పని మొదలుపెట్టేనాటికి బొటీన్‌కు పాతికేళ్లు కూడా లేవు. అయితే రెండోసారి చూసేసరికి నాకు ఆ రబ్బరు భయం సగానికి తగ్గింది. తగ్గనిది రక్తపరీక్ష సీను.

ఆ కుక్క రూపంలో శిబిరంలోకి వచ్చింది ఓ గ్రహాంతర జీవి. అది ఎవరిని మింగితే వాళ్లలా మారిపోతుంది. మన పరకాయ ప్రవేశం కథల్లోనైతే మాటతీరు తేడా చూసి ఇంట్లోవాళ్లు పసిగడతారు. ఇక్కడ మాటతీరూ జ్ఞాపకాలూ కూడా అచ్చు దిగిపోతాయి. అందుకే శిబిరంలో ఒకడైన మెక్‌రెడీ (నటుడు కర్ట్ రసెల్) మిగిలినవాళ్లను కట్టేసి, ఒక్కొక్కరి వేలు కోయించి, గాజు పళ్లేల్లో నెత్తురు పట్టిస్తాడు. ఎర్రగా కాల్చిన తీగను అందులో ముంచుతాడు. మనిషి నెత్తురైతే చుయ్యిమని ఊరుకుంటుంది. ఆ జీవిదైతే ప్రతి చుక్కా తన ప్రాణం కాపాడుకోడానికి ఎగిరిపడాలి. పామర్ పళ్లెంలో తీగ పెడుతూ మెక్‌రెడీ తగువు పెట్టుకున్నది గ్యారీతో. మన చూపూ గ్యారీ మీదే ఉంటుంది. సరిగ్గా అప్పుడే పళ్లెంలో నెత్తురు కీచుమని లేస్తుంది.

అంతకు కాస్త ముందే క్లార్క్ కత్తి తీసి మీదికొస్తే మెక్‌రెడీ కాల్చేశాడు. అతని నెత్తురు కూడా పరీక్షిస్తారు. మామూలు నెత్తురే! చనిపోయింది మనిషేనని తేలిపోయింది. అంటే నువ్వు హంతకుడివి అని చైల్డ్స్ మెక్‌రెడీ మొహం మీదే అనేస్తాడు. మెక్‌రెడీ ఏమీ అనకుండా తరవాతి పళ్లెం అందుకుంటాడు. నా లెక్కలో సినిమా మొత్తానికీ భయంకరమైన క్షణం ఇదే. ఇందులో రాక్షసి ఎక్కడా లేదు.

పాత్రలు పలచగా ఉన్నాయని ఓ పాత ఫిర్యాదు. కొంత నిజమే. తొలిసారి చూసినప్పుడు సగం సినిమా దాకా ఎవరు ఎవరో నాకూ గుర్తుండలేదు. కానీ ఒకే కప్పు కింద బతుకుతున్న ఈ పన్నెండుమందికి కూడా ఒకరి గురించి ఒకరికి తెలిసింది అంతంతమాత్రమే.

విడుదలైనప్పుడు విమర్శకులు చీదరించుకున్నారు. రెండు వారాల ముందే వచ్చిన 'ఈ.టీ.'లో ముద్దొచ్చే గ్రహాంతరవాసిని చూసి జనం మురిసిపోతున్నారు మరి. కోటిన్నర డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో రెండు కోట్లు కూడా రాలేదు. గుండె చప్పుడులా సాగే ఎన్నియో మోరికోనే సంగీతాన్ని ఏడాదికల్లా చెత్త సంగీతమని, చెత్త సినిమాలను వెక్కిరిస్తూ ఇచ్చే రాజీ (Razzie) అవార్డుకు నామినేట్ చేశారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వీడియో క్యాసెట్లలో, టీవీల్లో మళ్లీ మళ్లీ చూసినవాళ్లే సినిమాను నిలబెట్టారు.

ఆఖర్న తగలబడుతున్న శిబిరం ముందు ఇద్దరే మిగులుతారు, మెక్‌రెడీ, చైల్డ్స్. ఎవరి నోట్లోంచి ఆవిరి వస్తోంది, ఎవరి కళ్లలో మెరుపుంది, ఇద్దరిలో ఆ జీవి ఎవరు అంటూ అభిమానులు నలభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. నాకా చర్చ మీద ఆసక్తి లేదు. సినిమా మొదట్లో ఇదే మెక్‌రెడీ చదరంగంలో కంప్యూటర్ చేతిలో ఓడిపోయి, మోసం చేసిందంటూ తన గ్లాసులోని విస్కీ దాంట్లో ఒంపేశాడు. ఇప్పుడు సీసా చైల్డ్స్‌కి అందిస్తాడు. చైల్డ్స్ ఓ గుక్క తాగుతాడు. మెక్‌రెడీ చిన్నగా నవ్వుతాడు.