ఫెర్మా పరీక్ష నెగ్గితే ప్రధాన సంఖ్య అయిపోదు
ఫెర్మా పరీక్ష అంటే ఇది: n ప్రధాన సంఖ్య అయితే, దానికి గుణిజం కాని ఏ సంఖ్యను (దీన్ని ఆధారం అంటారు) n-1 ఘాతానికి పెంచి nతో భాగించినా శేషం 1 రావాలి. 2 ఘాతం 294408ని 294409తో భాగిస్తే శేషం 1 వస్తుంది కాబట్టి 294409 ప్రధాన సంఖ్యే అని ఒక వ్యాసంలో తేల్చేశారు. శేషం లెక్క సరైనదే, తేల్చిన మాట తప్పు. 37×73×109 గుణించి చూడండి, సరిగ్గా 294409 వస్తుంది. ఇది కార్మైకేల్ సంఖ్య, అంటే ఫెర్మా పరీక్షలో ప్రధాన సంఖ్యలా నటించే సంయుక్త సంఖ్య. గణితవేత్త కోర్సెల్ట్ 1899లో చెప్పిన నియమం ప్రకారం అలాంటి సంఖ్యలో ఏ ప్రధాన కారణాంకమూ రెండుసార్లు రాకూడదు, ఒక్కోదాంట్లోంచి 1 తీసేస్తే మిగిలేది 294408ని నిశ్శేషంగా భాగించాలి. ఇక్కడ 36, 72, 108 మూడూ భాగిస్తాయి. అందుకే 2 బదులు 3, 5, 7 ఏది పెట్టినా అదే 1 వస్తుంది. ఆధారం ఆ మూడు కారణాంకాల్లో ఒకదానికి గుణిజమైతే తప్ప బండారం బయటపడదు. 294409 లోపు సంఖ్యల్లో నూటికి 95 ఇలాగే మోసం చేస్తాయి, కాబట్టి ఆధారాలు మారుస్తూ పోవడం దండగ. మిల్లర్-రాబిన్ అనే ఇంకా గట్టి పరీక్ష వాడాలి. అందులో ఘాతంలోని 2లను విడదీసి, మిగిలిన బేసి ఘాతంతో మొదలుపెట్టి వర్గం చేసుకుంటూ పోతాం. 294408 అంటే 8×36801. ముందు 2 ఘాతం 36801కి శేషం కట్టండి, అది 1 కాదు, 294408 కూడా కాదు. దాన్ని వర్గం చేసి శేషం తీస్తే 262144, మళ్లీ వర్గం చేస్తే 1. ప్రధాన సంఖ్యకైతే ఇలా కొత్తగా 1 వచ్చేముందు 294408 మాత్రమే ఉండాలి. 262144 కనబడగానే ఇది సంయుక్త సంఖ్య అని రుజువైపోయింది. ఇంకా బాగున్న సంగతేమిటంటే, అందులోంచి 1 తీసేసి 262143కీ 294409కీ గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కడితే ఐదు భాగహారాల్లో 73 చేతికొస్తుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఒకటి చూసుకోవాలి: 64 బిట్ల సంఖ్యలకు ఈ వర్గం 128 బిట్లలో కట్టకపోతే పై అంకెలు తెగిపోయి నిజమైన ప్రధాన సంఖ్య కూడా పరీక్ష తప్పుతుంది.