రెండోసారి వాయించేదెవరు?

ద్వోర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫనీ సుమారు 40 నిమిషాలు సాగుతుంది. అందులో ట్యూబా వాయించేవారి వంతుకు వచ్చేవి పద్నాలుగే స్వరాలు. రెండో భాగం మొదట్లో కొన్ని, చివర్లో కొన్ని. మిగతా సమయమంతా ఆ బరువైన ఇత్తడి వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని పక్కవాళ్ల వాయింపు వింటూ కూర్చోవడమే. బ్రామ్స్ మొదటి సింఫనీలో ట్రాంబోన్ల పరిస్థితీ ఇంచుమించు ఇదే. నాలుగో భాగం వచ్చేదాకా వాటికి పని తగలదు. ఆర్కెస్ట్రా మనుషులు దీన్ని నవ్వుకుంటూ చెప్పుకొంటారు. ఇత్తడి వాద్యాలకూ ఆర్కెస్ట్రాకూ రాస్తున్న నేటి స్వరకర్తల బతుకుతెరువు ఎలా నడుస్తోందో తెలియాలంటే మాత్రం ఈ ఎదురుచూపు దగ్గరే మొదలుపెట్టాలి.

పియానో, వయొలిన్ పట్టినవారికి తాతల నాటి ఆస్తి తరగనంత ఉంది. ఒక జన్మంతా వాయించినా బేతోవెన్, షోపాన్ అయిపోరు. ఇత్తడి వాద్యాల వారికి ఆ భాగ్యం లేదు. ట్రంపెట్‌కు హేడన్ 1796లో, హమ్మెల్ 1803లో రాసిన కన్చెర్టోలున్నాయి (ఒక వాద్యం ముందు నిలిచి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచనలు). హార్న్‌కు మోట్సార్ట్ నాలుగు రాశాడు. అన్ని స్వరాలూ చేతికందేలా చేసిన వాల్వులు వచ్చింది ఆ తర్వాతే. ట్యూబాకైతే బెర్లిన్‌లో 1835లో గాని పేటెంటే రాలేదు. దాన్ని వెనక వరస నుంచి లేపి వేదిక ముందుకు తెచ్చి, ఆర్కెస్ట్రా తోడుగా కన్చెర్టో వాయించమని పేరున్న స్వరకర్త ఒకరు అడగడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రాసిన వాన్ విలియమ్స్‌కు అప్పటికి 81 ఏళ్లు!

వారసత్వంగా ఏమీ రానివాడు కొత్తగా సంపాదించుకోవాలి. ఇత్తడి వాద్యకారులు చేసిందదే. బతికున్న స్వరకర్తల తలుపు తట్టారు. స్వీడన్‌కు చెందిన క్రిస్టియన్ లిండ్‌బెర్గ్ పదిహేడేళ్ల వయసులో ట్రాంబోన్ పట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే స్టాక్‌హోమ్ రాయల్ ఒపెరా ఆర్కెస్ట్రాలో ఉద్యోగం దొరికింది. ఆ వెంటనే దాన్ని వదిలేసి సోలో వాద్యకారుడిగా బతుకుతానన్నాడు. ట్రాంబోన్ సోలోతో బతకడమా అని అందరూ ముక్కున వేలేసుకుని ఉంటారు. వాయించడానికి రచనలేవి? లేవు గనక రాయించుకున్నాడు. యాన్ సాండ్‌స్ట్రోమ్ రాసిన 'మోటార్‌బైక్ కన్చెర్టో' అలా పుట్టిందే. జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు 1994లో అతని కోసం 'ఫాంటాస్మా/కాంటోస్ 2' రాశాడు. చివరికి లిండ్‌బెర్గ్ తానే కలం పట్టి స్వరకర్త కూడా అయ్యాడు. ట్రంపెట్‌కు ఇదే పని హోకన్ హార్డెన్‌బెర్గర్ చేశాడు. బర్ట్‌విజిల్ 'ఎండ్‌లెస్ పరేడ్' 1987లో, హెచ్.కె. గ్రూబర్ 'ఏరియల్' 1999లో ఆయన కోసమే వచ్చాయి. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ట్రాంబోన్ వాద్యకారుడు జోసెఫ్ అలెస్సీ కోసం క్రిస్టఫర్ రౌస్ రాసిన కన్చెర్టో లెనర్డ్ బెర్న్‌స్టీన్‌కు నివాళి. దానికి 1993లో పులిట్జర్ దక్కింది.

ఈ పేర్లన్నీ ఏకరువు పెట్టడానికి కారణం ఉంది. సంగీత చరిత్ర చెప్పేవాళ్లు ఎప్పుడూ స్వరకర్త దగ్గరే కథ మొదలుపెడతారు. ఆయనకు స్ఫూర్తి కలిగింది, రాశాడు, ఎవరో వాయించారు అంటారు. ఇత్తడి వాద్యాల విషయంలో కథ తిరగబడింది. ముందు వాద్యకారుడి ఆకలి, తర్వాతే స్వరకర్త కలం. ఇక్కడ ఒక స్వరకర్త నిలదొక్కుకున్నాడంటే ఎవరో ఒక ట్రంపెట్ వాద్యకారో ట్రాంబోన్ వాద్యకారో ఆయనను నమ్మారని అర్థం.

నమ్మకం వేరు, నెల గడవడం వేరు. ఫలానా రచన చేసిపెట్టమని ముందుగా డబ్బిచ్చి ఒప్పుకోవడాన్ని ఆ రంగంలో కమిషన్ అంటారు. మన చెవికి ఆ మాట వేరే వాసన కొడుతుంది గానీ, అక్కడ అది గౌరవప్రదమైన మాటే. పాతిక నిమిషాల కన్చెర్టోకు నెలల తరబడి పని పడుతుంది. అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట ఉండే పెద్ద స్కోరు రాయాలి. అందులోంచి ఒక్కో వాద్యకారుడికి వేరువేరుగా పార్టులు తీయాలి. రిహార్సల్‌లో దొర్లిన తప్పులు దిద్దాలి. సోలో వాద్యకారుడు ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేదంటే మళ్లీ రాయాలి. ఇత్తడి వాద్యంలో ఇది చిన్న విషయం కాదు. వయొలిన్‌కు విల్లు అలసిపోదు. ట్రంపెట్‌కు పెదవులు అలసిపోతాయి. ఇంతా చేశాక ఒక రాత్రి, మహా అయితే వరసగా మూడు రాత్రులు ప్రదర్శన. లేచి నిలబడి చప్పట్లు కొడతారు. మర్నాడు పత్రికల్లో నాలుగు వాక్యాలు వస్తాయి. తర్వాత ఆ స్కోరు ప్రచురణకర్త అద్దె గ్రంథాలయంలో అరెక్కి కూర్చుంటుంది.

ఆర్కెస్ట్రా పార్టులను సాధారణంగా అమ్మరు, ప్రదర్శనకింతని అద్దెకిస్తారు. ప్రదర్శన హక్కుల సొమ్ము కూడా వాయించినప్పుడే వస్తుంది. రెండోసారి వాయించేవారు లేకపోతే స్వరకర్తకు దక్కేది మొదట ముట్టిన కమిషన్ ఒక్కటే. మా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఆర్కెస్ట్రా యాజమాన్యాలకు 'ప్రపంచంలోనే తొలి ప్రదర్శన' అని పోస్టరు మీద వేసుకోవడం ఇష్టం. దాతలకు కొత్త రచన పక్కన తమ పేరు చూసుకోవడం ఇష్టం. అందుకే పుట్టించడానికి డబ్బు దొరుకుతుంది, పెంచడానికి దొరకదు. ఇంకొక ఆర్కెస్ట్రా ఇప్పటికే వాయించిన రచనంటే ఎంగిలి విస్తరిని చూసినట్టు చూస్తారు.

ఇది ఈనాటి జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని సిన్సినాటి సింఫనీ ఆర్కెస్ట్రా కండక్టర్ యూజీన్ గూసెన్స్ కచేరీల ఆరంభంలో వాయించడానికి ఇత్తడి వాద్యాల ఫ్యాన్‌ఫేర్లు (ఆర్భాటంగా మోగే చిన్న రచనలు) రాయమని స్వరకర్తలను కోరాడు. 18 వచ్చాయి. వాటిలో ఇవాళ ఊరూరా మోగుతున్నది ఒక్కటే, ఆరన్ కోప్లాండ్ 1942లో రాసిన 'ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్'. అది నిలవడానికి దాని అందం ఒక కారణమే. దాన్ని వదిలెయ్యకుండా తన మూడో సింఫనీ చివరి భాగంలో కోప్లాండ్ మళ్లీ పొదగడం ఇంకో కారణం. మిగతా పదిహేడూ బాగోలేవని తీర్పు చెప్పడానికి వాటిని ఎన్నిసార్లు విన్నాం గనక?

కోప్లాండ్ వాడిన ఇత్తడి వాద్యాలనే తీసుకుని జోన్ టవర్ 1986లో 'ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది అన్‌కామన్ వుమన్' రాసింది. హ్యూస్టన్ సింఫనీ దాన్ని 1987 జనవరిలో తొలిసారి వాయించింది. సామాన్య పురుషుడికి అసామాన్య స్త్రీ ఇచ్చిన జవాబు అది. ఆమె అంతటితో వదల్లేదు, ఆ వరసలో ఆరు ఫ్యాన్‌ఫేర్లు చేసింది. ఇత్తడి వాద్యాల వెనక వరసల్లో మగవాళ్లే నిండి ఉన్న కాలంలో ఆ పేరు పెట్టడానికే గుండె కావాలి. అయితే మనం టవర్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. 'మేడ్ ఇన్ అమెరికా' అనే ఆమె ఆర్కెస్ట్రా రచనను ఏ ఒక్క మహా నగరపు సింఫనీయో రాయించుకోలేదు. అమెరికాలోని 50 రాష్ట్రాల నుంచి 65 చిన్న ఆర్కెస్ట్రాలు తలా చెయ్యి వేశాయి. 2005లో మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటిగా వాయించాయి. ఏ పెద్ద ఆర్కెస్ట్రా ఇచ్చిన తొలి రాత్రి గొప్పా ఆ రచనకు అంతమంది శ్రోతలను తెచ్చిపెట్టేది కాదు.

పెద్ద ఆర్కెస్ట్రాలకూ ఇది తెలియక కాదు. జెన్నిఫర్ హిగ్డన్ 'లో బ్రాస్ కన్చెర్టో'ను చికాగో, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ ఆర్కెస్ట్రాలు మూడూ కలిసి రాయించుకున్నాయి. 2018లో చికాగోలో మొదటిసారి వినిపించేనాటికే దానికి మిగతా రెండు ఇళ్లూ సిద్ధంగా ఉన్నాయి. ఆ రచనలో సోలో వాద్యకారులు ఎవరనుకున్నారు? బయటి నుంచి విమానం దిగే తారలు కారు. ఆర్కెస్ట్రా వెనక వరసలో రోజూ కూర్చునే ట్రాంబోన్, ట్యూబా వాద్యకారులే. పద్నాలుగు స్వరాల కోసం కాచుకున్నవాళ్లను ముందుకు పిలిచి కూర్చోబెట్టారు. ఈ పద్ధతిలో కొత్త సోలోయిస్టు పారితోషికం బెడద కూడా లేదని లెక్కలు చూసేవాళ్లు గమనించాలి.

హిగ్డన్ తన రచనలను లాడన్ ప్రెస్ పేరుతో తానే ప్రచురించుకుంటుంది. పులిట్జర్ వచ్చిన స్వరకర్త సొంత దుకాణం నడుపుకోవడం అవమానమేమీ కాదు, తెలివి. జాన్ మ్యాకీ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. అతను 2003లో ఆర్కెస్ట్రాకు రాసిన 'రెడ్‌లైన్ టాంగో'ను మరుసటి ఏడు తీగ వాద్యాలు తీసేసి విండ్ బ్యాండ్‌కు, అంటే ఊది వాయించే వాద్యాల బృందానికి, మార్చాడు. బ్యాండ్ల లోకం దాన్ని ఎత్తుకున్న తీరు చూశాక అతని దారే మారిపోయింది. విశ్వవిద్యాలయాల బ్యాండ్లు పదీ ఇరవై కలిసి కమిషన్ ఇస్తాయి, ఇచ్చినవన్నీ వాయిస్తాయి. జేమ్స్ స్టీఫెన్సన్ అయితే ఫ్లోరిడాలోని నేపుల్స్ ఫిల్‌హార్మోనిక్‌లో 17 సీజన్లు ట్రంపెట్ వాయించి, ఆ కుర్చీ వదిలి పూర్తికాలం స్వరరచనకు దిగాడు. పెదవికి ఏది సాధ్యమో ఏది కాదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బ్రిటన్‌లో ఈ దారి ఇంకా పాతది. ఎడ్వర్డ్ గ్రెగ్సన్ ట్యూబా కన్చెర్టో 1976లో బెస్సెస్ ఓ' ద బార్న్ అనే బ్రాస్ బ్యాండ్ (ఇత్తడి వాద్యాల బృందం) కోసం పుట్టింది. వాయించినవాడు లండన్ సింఫనీ ట్యూబా వాద్యకారుడు జాన్ ఫ్లెచర్. తర్వాత ఆ కన్చెర్టోయే ఆర్కెస్ట్రా చొక్కా తొడుక్కుంది. ఫిలిప్ స్పార్క్ వంటివారు బ్యాండ్ రచనలతోనే జీవితం గడిపి 2000లో సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. బ్యాండ్ పార్టులు అద్దెకు కాదు, సెట్టుగా అమ్ముడవుతాయి. కొన్న బ్యాండ్ డబ్బు దండగ కాకూడదని మళ్లీ మళ్లీ వాయిస్తుంది. ఆర్కెస్ట్రా పేరు తెస్తుంది, బ్యాండ్ అన్నం పెడుతుంది.

బ్యాండ్ సంగీతం పనికిమాలిన గారడీ అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. అందులో నిజం బొత్తిగా లేదనం. పోటీల కోసం రాసే టెస్ట్ పీసుల్లో వాద్యకారుడి కాలికి అడ్డం పెట్టడమే లక్ష్యంగా పెట్టుకున్నవి బోలెడు. పోటీ ముగిసిన మర్నాడు వాటిని ఎవరూ తలవరు. కానీ హోల్స్ట్ 1928లో, ఎల్గర్ 1930లో ఆ పోటీలకే రాశారు. బర్ట్‌విజిల్ లాంటి కొరకరాని కొయ్య 1973లో గ్రైమ్‌థార్ప్ గని కార్మికుల బ్యాండ్ కోసం 'గ్రైమ్‌థార్ప్ ఏరియా' రాశాడు. ఆ గని 1993లో మూతపడింది. బ్యాండ్ మాత్రం ఇప్పటికీ వాయిస్తోంది.

ఈ గనుల సంగతి ఊరికే ఎత్తలేదు. స్వరకర్తలు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది. స్కాట్లండ్ స్వరకర్త జేమ్స్ మెక్‌మిలన్ తాత బొగ్గు గని కార్మికుడు, గని బ్యాండ్‌లో యుఫోనియం (చిన్న ట్యూబా లాంటి వాద్యం) వాయించేవాడు. మనవడికి మొదటి కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) కొనిచ్చింది ఆయనే. ఆ మనవడు పెద్దయ్యాక జాన్ వాలెస్‌కు ట్రంపెట్ కన్చెర్టో రాశాడు. తన మనవరాలు పోయిన దుఃఖంలో ట్రాంబోన్ కన్చెర్టో రాశాడు, దాన్ని 2017లో ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రా మొదట వినిపించింది. గావిన్ హిగ్గిన్స్‌ది కూడా తరాలుగా బ్రాస్ బ్యాండ్లలో వాయించిన కుటుంబమే. 2022లో లండన్ వేసవి కచేరీల ఉత్సవం బీబీసీ ప్రామ్స్‌లో అతను వేల్స్‌కు చెందిన ట్రెడీగర్ బ్యాండ్‌నూ బీబీసీ వేల్స్ జాతీయ ఆర్కెస్ట్రానూ ఒకే వేదిక మీద ఎదురెదురుగా నిలబెట్టి 'కన్చెర్టో గ్రాసో' వినిపించాడు. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు సాధన చేసే బ్యాండ్ ఒకవైపు, జీతాల మీద వాయించే ఆర్కెస్ట్రా ఇంకోవైపు. ఎవరు ఎవరికి తీసిపోయారో చెప్పమంటే కష్టం.

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు సంగీత పాఠాలకు డబ్బు కోసేస్తున్న ప్రతిసారీ ఆ కార్నెట్ ఇంకో పిల్లాడి చేతికి చేరకుండా పోతోంది. ట్యూబా ఇంట్లో కొనిపెట్టుకునే వస్తువు కాదు. బడో బ్యాండో అరువిస్తేనే పిల్లల చేతికొచ్చేది. పదేళ్ల పిల్ల చేతికి అరువు వాద్యం ఇవ్వని సమాజం ముప్ఫై ఏళ్ల తర్వాత ఆమె నుంచి కన్చెర్టో ఆశించడం ఎలా కుదురుతుంది?

హాలు నిండాలంటే పాత రచనలే ఉండాలని ఆర్కెస్ట్రాల వాళ్లు అంటారు. అవి వద్దని మేం అనడం లేదు. తెలియనిదాన్ని ఒక్కసారే వినిపించి, ప్రేక్షకులకు నచ్చలేదని తేల్చేయడం మాత్రం అన్యాయం. హేడన్ ట్రంపెట్ కన్చెర్టో కూడా వందేళ్లకు పైగా దుమ్ము కొట్టుకుని పడున్నదే. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ మళ్లీ వాయించాక గదా అందరి నోటా పడింది.

కాబట్టి అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. కమిషన్ కోసం సొమ్మిచ్చే నిధులు, ప్రభుత్వానివైనా దాతలవైనా, అందులో ఒక వాటాను రెండో, మూడో ప్రదర్శనలకు విడిగా కట్టిపెట్టాలి. కొత్త రచన ఒప్పంద పత్రంలో తొలి ప్రదర్శన తేదీ పక్కనే రెండో ఆర్కెస్ట్రా పేరుకూ తేదీకీ గడి ఉండాలి. అది నిండేదాకా పోస్టరు మీద 'ప్రపంచంలోనే తొలిసారి' అని అచ్చేయకూడదు.