గోడకి శాలువా కప్పండి

మా తోడల్లుడికి అవార్డు వచ్చింది. ఆయన పనిచేసే కన్సల్టెన్సీకి వచ్చింది అనాలి నిజానికి. కానీ వేదికెక్కి శాలువా కప్పించుకున్నది ఆయనే కాబట్టి ఇంట్లో మేం అలాగే చెప్పుకుంటున్నాం. పట్టణ వరద నీటి నిర్వహణ, పర్యావరణ పరిరక్షణ విభాగంలో ఉత్తమ కన్సల్టెన్సీ. ఫంక్షన్ మా విజయవాడలోనే, ఓ హోటల్ హాల్లో. వేదిక మీద బల్లనిండా మెమెంటోలు. అక్కడున్నవాళ్లలో ఏ అవార్డూ లేకుండా ఇంటికెళ్లింది నాకు తెలిసి ఇద్దరే: నేనూ, మంచినీళ్లందించే కుర్రాడూ.

ఈ గౌరవంలో నాకూ కొంచెం వాటా ఉంది. నామినేషన్ ఫారం నింపేటప్పుడు, కాస్త రాస్తాడు కదా అని నన్ను పిలిచారు. 'ప్రాజెక్టు వల్ల సమాజానికి కలిగిన మేలు, 300 పదాలకు మించకుండా' అన్న గడి దగ్గర ఆగిపోయాం.

"డ్రైను కట్టాక ఆ వీధిలో నీళ్లు నిలవడం తగ్గిందా?" అన్నాను.

"డ్రైను ఇంకా కట్టలేదన్నయ్యగారూ. మనం డీపీఆర్, అంటే ఎలా కట్టాలో వివరంగా చెప్పే నివేదిక ఇచ్చాం. కట్టడం మన స్కోప్‌లో లేదు."

స్కోప్ అన్న మాటకి ఇంత మహత్తు ఉందని నాకు అంతవరకూ తెలియదు. సర్వే మీ స్కోప్‌లో ఉంటే కాలువ కొలవచ్చు, కాలువలో ఇల్లు కట్టుకున్న మనిషితో మాట్లాడనక్కర్లేదు. కార్పొరేషన్ హద్దు దాకే మీ స్కోప్ అయితే హద్దు అవతలి నుంచి వచ్చే నీళ్ల సంగతి మీకు అనవసరం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు చేసిన తప్పు ఇదే. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే ఏరు అది. వెలగలేరు దగ్గర గేట్లున్న రెగ్యులేటర్ నుంచి దాని వరదని కృష్ణలోకి మళ్లించడానికి ఓ కాలువ ఉంది. ఆ రోజు వచ్చిన నీళ్లు ఆ కాలువ సామర్థ్యానికి రెట్టింపుని మించాయి. కృష్ణే నిండుగా ఉంటే అందులోకి ఎక్కడ పోతాయి? కట్టకి మూడు గండ్లు పడ్డాయి. మా ఊరి సింగ్‌నగర్ మునిగి జనం డాబాలెక్కి కూర్చుంటే పాల ప్యాకెట్లూ పులిహోర పొట్లాలూ డ్రోన్ల మీద వచ్చాయి. స్కోప్ ఆఫ్ వర్క్ చదవని ఏరుతో ఇదే చిక్కు.

చివరికి ఆ గడిలో 'ప్రజల్లో అవగాహన పెరిగింది' అని రాశాం. అబద్ధం కాదు. మా మరదలి ఇల్లు సింగ్‌నగర్‌లోనే. ఆవిడకి అవగాహన బాగా పెరిగింది.

పర్యావరణ విభాగం గురించి కూడా నాలుగు మంచి మాటలు చెప్పాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. అది రాసే కన్సల్టెంటుకి ఫీజు ఇచ్చేది ఆ ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. అంటే పెళ్లికొడుకు గుణగణాలు విచారించి రమ్మని పెళ్లికొడుకు తండ్రే మనిషిని పెట్టి, చార్జీలిచ్చి, దారిలో భోజనం కూడా పెట్టించడం. ఇంత జరిగాక 'కుర్రాడికి చిన్న దగ్గు ఉంది, మందు వాడితే తగ్గుతుంది' అని రాశారంటే ఆ కన్సల్టెంటు నిజాయితీకి దండం పెట్టాలి. మహారాష్ట్రలోని రత్నగిరి దగ్గర ఓ బాక్సైట్ గనికి ఇచ్చిన నివేదికలో రష్యా గని నివేదికలోని భాగాలు బయటపడ్డాయని అప్పట్లో గగ్గోలు పుట్టింది. నేను దాన్ని తప్పుగా చూడను. అంతర్జాతీయ స్థాయి, అంతర్జాతీయ స్థాయి అని అడిగింది మనమే.

ఇన్ని అవార్డుల్లో ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. ఆ సెప్టెంబరులోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి పోయింది. 1957లో కట్టిన ఆ బ్యారేజీ అంత వరద ఎప్పుడూ చూడలేదు. 2009 నాటి 11.10 లక్షలే అంతకుముందు రికార్డు. అంతకన్నా చిన్న వరదకే మూటాముల్లె సర్దుకుని బడుల్లో తలదాచుకునే నది ఒడ్డు కృష్ణలంక వాళ్లు ఈసారి పిల్లల్ని తీసుకెళ్లి గోడ మీంచి నదిని చూపించారు. వరదని ఆపడానికి కట్టిన ఆ రిటైనింగ్ వాల్ అవతల కృష్ణ, ఇవతల ఆరేసిన బట్టలు. ఆ గోడ మేం కట్టామంటే మేం కట్టామని పార్టీలు కొట్టుకున్నాయి. డిజైను గీసిన ఇంజనీరు ఎవరని ఒక్కరూ అడిగినట్టు లేదు. అడిగినా అవార్డు ఫారంలో ఏం రాస్తాడు పాపం? ఫలితం: ఏమీ జరగలేదు. ఫొటోలు జతచేయాలి: ఆరేసిన బట్టలు.

అందుకని నిర్వాహకులకు నా వినయపూర్వక మనవి. వచ్చే ఏడాది నుంచి 'ఏమీ జరగలేదు' అని ఓ విభాగం పెట్టి శాలువా నేరుగా గోడకే కప్పండి. పవర్‌పాయింట్ లేకుండా చేసిన పనికి ఇంకోటి పెట్టండి. బ్యారేజీ గేట్లని గుద్ది ఇరుక్కున్న పడవల్ని ముందు నీళ్లలో కోయబోయి, అది కుదరక, వేరే పడవల్ని ఇనప గడ్డర్లతో కలిపి కట్టి లాగారే, వాళ్లకి ఇవ్వొచ్చు. సెప్టెంబరు 15న ఊరూరా ఇంజనీర్ల దినోత్సవం దండలు పడుతున్న రోజుకి ఆ పని ఇంకా పూర్తికాలేదు. దండ వేయించుకోవడానికి వాళ్లకి ఖాళీ ఎక్కడిది?

ఇక మా మెమెంటో. గాజుది, లోపల అల చెక్కి ఉంటుంది, బాగా బరువు. మొన్న ఆదివారం భోజనానికి వెళ్లేసరికి తోడల్లుడు దాన్ని షోకేస్‌లో టీవీ పక్కన పెట్టాడు. మరదలు ఒక్క మాట కూడా మాట్లాడకుండా తీసింది. ముందుగదిలో సున్నం వేసినా కనిపిస్తున్న వరద చార దగ్గర నిలబడి, దాని మీద జాన పెట్టి, ఇంకో జాన పెట్టి, అక్కడ పెన్సిల్‌తో గీత గీసింది.

"అంత పైన పెడితే ఎవరికి కనబడుతుందే?" అన్నాడు తోడల్లుడు.

ఆవిడ నా వైపు తిరిగి, "బావగారూ, కాస్త ఆ డ్రిల్లింగ్ మిషను అందుకోండి" అంది.