మాడిపోయిన ట్యూబులైటు మిగిల్చిన కరెంటు

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి నడివీధిలో ఎల్‌ఈడీ దీపం వెలుగుతుంటే తప్పుపట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అది వెలుతురు కోసం వెలగట్లేదండీ, ఆదా కోసం వెలుగుతోంది. ఏడేళ్ల ఒప్పందంలో అలాగే రాసుకున్నారు, స్టాంపూ సంతకాలతో సహా.

2015 జనవరి 5న కేంద్రం, పాత వీధి దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. లక్ష్యం 1.34 కోట్ల దీపాలు. ఊరు పైసా పెట్టక్కర్లేదు, పెట్టుబడి దీపాలు బిగించే ఏజెన్సీదే, తగ్గిన కరెంటు బిల్లులోంచి ఏడేళ్లు వాయిదాలు కడితే చాలు. పద్ధతికి వంక పెట్టలేం. తగ్గిందెంతో కొలిచే మీటరుంటే.

మీటరు లేనిచోట ఏం చేస్తారు? జాయింట్ ఇన్‌స్పెక్షన్, అంటే అందరూ కలిసి తనిఖీ చేస్తారు. ఇది ఉదయం పదకొండింటికే జరగాలి, ఎందుకంటే పగటిపూట ట్యూబులైట్లన్నీ సమానమే. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అసిస్టెంట్ ఇంజనీరు ఏఈ గారు, పంచాయతీ కార్యదర్శి, ఏజెన్సీ కుర్రాడు స్తంభం స్తంభం దగ్గరా ఆగి తల పైకెత్తుతారు. పట్టీ ఉంది, చోకుంది, ట్యూబుంది. రెండు కొసలూ నల్లగా మాడి, లోపల పురుగులు నిండి, మొన్న సంక్రాంతి నాటి గాలిపటం తోక వేలాడుతున్నా సరే, అది ‘40 వాట్లు, ఒకటి’. పక్క స్తంభానికి ట్యూబే లేదు, పట్టీ మాత్రమే ఉంది. కాసేపు తర్జనభర్జన. పట్టీ ఉందంటే ఒకప్పుడు ట్యూబు ఉండే ఉంటుంది కదా అన్న తర్కం నెగ్గుతుంది. రాసెయ్యి, 40 వాట్లు, ఒకటి. మూడేళ్లుగా యూనిట్లో పదో వంతు కూడా కాల్చని ఆ ట్యూబు, ఆ క్షణం నుంచి రాత్రికి 11 గంటల చొప్పున కరెంటు కాలుస్తున్నట్టే లెక్క. దాన్ని పీకేస్తే ఊరికి ఎంత ఆదా!

వంద స్తంభాల ఊరు తీసుకోండి. ట్యూబు 40 వాట్లు, చోకు తినేది కలిపితే 55. రాత్రికి 11 గంటలు, నెలకు 30 రోజులు: 1,815 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 660. కాగితం మీద ఆదా 1,155 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఎనిమిది వేల పైచిలుకు. వాయిదా కట్టాల్సింది దీన్ని చూసే.

ఇప్పుడు ఆ వందలో ముప్పై మాడిపోయినవని నిజం ఒప్పుకోండి. పాత వాడకం 1,815 కాదు, 1,270. కొత్త దీపాలు రాత్రీపగలూ వెలిగితే 1,440. అంటే దీపాలు మార్చాక ఊరు నెలకు 170 యూనిట్లు ఎక్కువ కాలుస్తూ, 1,155 యూనిట్లు మిగిల్చినందుకు కిస్తీ కడుతోంది. ఇంత గొప్ప పొదుపు ఏ డ్వాక్రా సంఘానికీ చేతకాదు.

పగలెందుకు వెలుగుతాయంటారా? మూడో వైరు లేక. దీపాన్ని ఇళ్లకెళ్లే ఫేజుకే తగిలిస్తే, ఇంట్లో ఫ్యాను తిరిగినంతసేపూ అదీ వెలుగుతుంది. దీపాలకు విడిగా వైరు లాగి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టెలో ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేది), కాంటాక్టరు (టైమరు చెప్పినట్టు దీపాలు వేసి ఆర్పే స్విచ్చి), టైమరు, మీటరు బిగించాలి. పెట్టె పెట్టినచోటా కథ అయిపోదు. దూరం నుంచి కబురందించే సిమ్ అందులో ఉంటే రీచార్జి చేసేవాడు ఉండడు, పెట్టె మూగబోతుంది. కాంటాక్టరు పాయింట్లు అతుక్కుపోతే టైమరు ఎంత మొత్తుకున్నా దీపం ఆరదు. కాయిల్ కాలిపోతే హెల్పరొచ్చి వైరు ముక్కతో ‘డైరెక్ట్’ చేసి పోతాడు, అంతటితో టైమరుకు పదవీ విరమణ.

ఇంకోటి. దీపానికి రాసిచ్చిన ఆయుష్షు 50,000 గంటలు. రోజుకు 11 గంటలైతే పన్నెండేళ్లు దాటాలి. 24 గంటలూ వెలిగితే ఆరేళ్లు కూడా నిండవు, వాయిదాలు మాత్రం ఏడేళ్లు. అదీ దీపంలోని డ్రైవరు, అంటే ఎల్‌ఈడీకి తగిన కరెంటు అందించే సర్క్యూట్, అంతకాలం బతికితే. న్యూట్రల్ తెగి 230 వోల్టుల చోట 400 తగిలిందా, ఆ లైనులో డ్రైవర్లు ఒక్క రాత్రిలో పోతాయి.

బిల్లు మాత్రం చలించదు. మీటరు లేని కనెక్షన్‌కు బిల్లు డిస్కం పుస్తకంలో ఉన్న లోడు మీద పడుతుంది. స్తంభం మీద 20 వాట్లు, పుస్తకంలో ఇంకా పాత ట్యూబే. కార్యదర్శి స్తంభాల నంబర్లు, వాట్లు రాసిన జాబితాతో లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టి, ఏఈ మళ్లీ తనిఖీ చేసి, పుస్తకం దిద్దేదాకా 1,815 యూనిట్ల బిల్లే. పాత ట్యూబులకు బిల్లు, కొత్త దీపాలకు వాయిదా!

నవ్వొస్తోందా? నాకు రావట్లేదు. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు ఖాతాలు చూసుకుంటే ఆర్థిక సంఘం నిధులు లేవు. కరెంటు బకాయిల కింద డిస్కంలకు జమైపోయాయి. అది కాలువల పూడిక డబ్బు, బ్లీచింగ్ పౌడర్ డబ్బు, మంచినీళ్ల మోటారు డబ్బు. ఎన్ని యూనిట్లు కాలాయో కొలవనే లేదు, వసూలు మాత్రం అణా పైసలతో సహా చేసుకున్నారు. ఏ మీటరు చూసి, ఏ లెక్కన? ఊరి బడి ముందు దీపం పట్టపగలు వెలుగుతుంటే, లైను చివరి ఎస్సీ కాలనీలో ఆడవాళ్లు సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని పాముల భయంతో నడుస్తున్నారు. వాళ్ల స్తంభాలూ ఆదా లెక్కలో ఉన్నాయి మరి. అక్కడ దీపం వెలగదు కాబట్టి, నిజంగా కరెంటు మిగిలేది అక్కడొక్కచోటే.

మీ ఊళ్లో మీటరుంటే ఉదయం 9కి రీడింగు రాయండి, సాయంత్రం 5కి మళ్లీ రాయండి. అంకె కదిలిందా, పగటి దీపమే. మీటరు లేకపోతే బిల్లులోని యూనిట్లను దీపాల సంఖ్యతో భాగించండి. 20 వాట్ల దీపానికి నెలకు 6.6 దగ్గర రావాలి. 14 పైన వస్తే రోజంతా వెలుగుతున్నట్టు లెక్కగట్టారని. 18 వస్తే, ఎప్పుడో పీకేసిన ట్యూబులైటు పుస్తకంలో ఇంకా బతికే ఉన్నట్టు. ఆ కాగితం గ్రామసభలో పెట్టి మినిట్స్‌లో రాయించండి, నకలు ఏఈ గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తామంటే రాత్రి ఎనిమిదింటికి రమ్మనండి.